క్యూబ్ పెట్టెలో కణం: 27 దగ్గర డీజెనరసీ 4 ఎలా వస్తుంది?

నల్లకుంట_బీఎస్సీ:

అందరికీ నమస్తే. బీఎస్సీ ఫైనలియర్, జామ్‌కి (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నాను. కోఠిలో కొన్న పాత ప్రాక్టీస్ పేపర్లలో ఈ ప్రశ్న ఉంది. ప్రతి భుజం ఎల్ ఉన్న క్యూబ్ పెట్టె, గోడల దగ్గర పొటెన్షియల్ అనంతం, లోపల సున్నా. అందులో ఉన్న కణం శక్తి 27హెచ్²/8ఎంఎల్² (హెచ్ ప్లాంక్ స్థిరాంకం, ఎం కణం ద్రవ్యరాశి) అయితే ఆ స్థాయి డీజెనరసీ, అంటే అదే శక్తి ఉన్న వేరువేరు స్థితుల సంఖ్య, ఎంత? కీలో 4 అని ఇచ్చారు.

మాకు క్లాసులో చెప్పింది ఇదీ: మూడు క్వాంటం సంఖ్యలూ ఒకటే అయితే డీజెనరసీ 1, రెండు ఒకటై మూడోది వేరైతే 3, మూడూ వేరువేరైతే 6. 27 అంటే (3,3,3), అంటే 1 రావాలి. 4 అనే సంఖ్య ఈ రూల్లో ఎక్కడా లేదు. కీ తప్పా, రూల్ తప్పా?

ఇంకో రెండు అనుమానాలున్నాయి. భుజాలు ఎల్, ఎల్, 2ఎల్ అని ఇస్తే ఎలా లెక్కపెట్టాలి? కణం ఎలక్ట్రాన్ అంటే వచ్చిన జవాబుని 2తో గుణించాలా? కొంచెం స్టెప్పుల వారీగా చెప్పండి ప్లీజ్.

తార్నాక_క్వాంటమ్:

కీ కరెక్టే తమ్ముడూ. క్లాసులో చెప్పిన రూల్ కూడా తప్పేం కాదు, కానీ అది సగం పని మాత్రమే చేస్తుంది. ఒక సంఖ్యల గుంపుని ఎన్ని రకాలుగా అటూ ఇటూ మార్చి రాయొచ్చో అది చెబుతుంది. అదే శక్తి ఇచ్చే ఇంకో గుంపు ఉందా లేదా అన్నది చెప్పదు. 27 దగ్గర రెండు గుంపులున్నాయి. 9+9+9 = 27, 25+1+1 కూడా 27. (3,3,3) నుంచి 1, (1,1,5) నుంచి 3, మొత్తం 4.

మొదటి నుంచి చూద్దాం. క్యూబ్ పెట్టెలో శక్తి హెచ్²/8ఎంఎల్² అనే యూనిట్‌ని మూడు క్వాంటం సంఖ్యల వర్గాల మొత్తంతో గుణిస్తే వస్తుంది. ఆ మొత్తాన్ని ఎస్ అందాం. మూడు సంఖ్యలూ 1, 2, 3 ఇలా ధన పూర్ణాంకాలే. కాబట్టి డీజెనరసీ అంటే ఒకే ఒక ప్రశ్న: ఎస్‌ని మూడు ధన పూర్ణాంకాల వర్గాల మొత్తంగా, వరుసని కూడా లెక్కలోకి తీసుకుని, ఎన్ని విధాలుగా రాయొచ్చు? ఇక్కడ ఫిజిక్స్ అయిపోయింది, మిగిలింది లెక్కింపే.

సున్నా ఎందుకు కుదరదు? ఏ దిశలో సంఖ్య సున్నా అయినా ఆ దిశలో సైన్ ప్రమేయం అంతటా సున్నా అవుతుంది, అంటే పెట్టెలో కణమే లేదు. రుణ సంఖ్యలు ఎందుకు లెక్కపెట్టం? సైన్ లోపల గుర్తు మారిస్తే తరంగ ప్రమేయం మొత్తానికి మైనస్ వస్తుందంతే, అది అదే స్థితి, కొత్తది కాదు. ఈ రెండూ గట్టిగా గుర్తుపెట్టుకో, ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

(1,1,2), (1,2,1), (2,1,1) మూడూ నిజంగా వేరువేరు స్థితులేనా అన్న అనుమానం కూడా వస్తుంది. వేరే. (1,1,2)లో పెట్టె సగం ఎత్తు దగ్గర అడ్డంగా ఉన్న తలం మీద కణం దొరికే సంభావ్యత పూర్తిగా సున్నా. మిగతా రెండింటిలో ఆ తలం మీద సున్నా కాదు, వాటి సున్నా తలాలు నిలువుగా ఉంటాయి. ఒకదాన్ని గుణించి ఇంకోదాన్ని తెచ్చుకోలేం.

ఇప్పుడు గుంపులు ఒక్కటీ తప్పిపోకుండా పట్టుకునే పద్ధతి. మూడింటిలో అతి పెద్ద సంఖ్యని ముందు పట్టుకో. దాని వర్గం ఎస్‌లో మూడో వంతు కంటే తక్కువ ఉండదు, ఎస్ మైనస్ 2 కంటే ఎక్కువ ఉండదు (మిగతా రెండూ కనీసం 1 చొప్పున కావాలి కదా). 27కి అంటే పెద్ద సంఖ్య వర్గం 9 నుంచి 25 లోపు. అంటే 5, 4, 3 మాత్రమే.

5 తీసుకుంటే మిగిలేది 2. అది 1+1. దొరికింది: (1,1,5).
4 తీసుకుంటే మిగిలేది 11. రెండు వర్గాల మొత్తంగా 11 రాదు. కుదరదు.
3 తీసుకుంటే మిగిలేది 18. అది 9+9. దొరికింది: (3,3,3).

మూడు లైన్లలో అయిపోయింది, ఇంకో గుంపు లేదని రుజువు కూడా అయిపోయింది. నువ్వు రాసిన జవాబులో లేనిది ఆ రుజువే. చిన్న షార్ట్‌కట్: మిగిలిన సంఖ్యని 4తో భాగిస్తే శేషం 3 వస్తే (3, 7, 11, 15, 19...) అది రెండు వర్గాల మొత్తం ఎప్పటికీ కాదు, ఆలోచించకుండా కొట్టెయ్.

మొదటి స్థాయిలు కింద ఇస్తున్నా. బట్టీ పట్టొద్దు. ఒకసారి చేత్తో వేసి, దీంతో సరిచూసుకో.

3 → (1,1,1) → 1
6 → (1,1,2) → 3
9 → (1,2,2) → 3
11 → (1,1,3) → 3
12 → (2,2,2) → 1
14 → (1,2,3) → 6
17 → (2,2,3) → 3
18 → (1,1,4) → 3
19 → (1,3,3) → 3
21 → (1,2,4) → 6
22 → (2,3,3) → 3
24 → (2,2,4) → 3
26 → (1,3,4) → 6
27 → (1,1,5), (3,3,3) → 3+1 = 4
29 → (2,3,4) → 6
30 → (1,2,5) → 6
33 → (1,4,4), (2,2,5) → 3+3 = 6
38 → (1,1,6), (2,3,5) → 3+6 = 9

30 తర్వాత రెండు గుంపులున్న స్థాయిలు మాత్రమే ఇచ్చాను, మధ్యలో 34, 35, 36 కూడా ఉన్నాయి. 33ని ప్రత్యేకంగా చూడు. జవాబు 6 అని వచ్చినంత మాత్రాన మూడు సంఖ్యలూ వేరువేరు అని కాదు. రెండు గుంపులు కలిసి కూడా 6 అవుతుంది.

ఇంకో రెండు చోట్ల జనం జారిపోతారు. ఒకటి, (1,2,2) తర్వాత వచ్చేది (2,2,2) అని రాసేస్తారు. మధ్యలో (1,1,3) ఉంది, 11 అనేది 12 కంటే తక్కువ. రెండు, 'ఐదో స్థాయి' వేరు, 'ఐదో ఉత్తేజిత స్థాయి' వేరు. ఐదో స్థాయి 12, డీజెనరసీ 1. ఐదో ఉత్తేజిత స్థాయి అంటే గ్రౌండ్‌ని (అన్నిటికంటే కింది స్థాయిని) వదిలి ఐదోది, అది 14, డీజెనరసీ 6. ప్రశ్నలో ఏ మాట ఉందో దాని కింద గీత గీసుకున్నాకే లెక్క మొదలుపెట్టు.

సాధనకి: ఎస్ = 41 ఎంత? ఎస్ = 54 ఎంత? రెండూ చేసి ఇక్కడ పెట్టు.

నల్లకుంట_బీఎస్సీ:

చాలా థాంక్స్ అన్నా. పెద్ద సంఖ్యని ముందు పట్టుకోవడం మాకెవరూ చెప్పలేదు.

41: పెద్ద సంఖ్య 6, 5, 4 కావచ్చు. 6 అయితే మిగిలేది 5 = 1+4, గుంపు (1,2,6), 6 స్థితులు. 5 అయితే మిగిలేది 16, అది 16+0 మాత్రమే, సున్నా కుదరదు కాబట్టి కొట్టేశా. 4 అయితే మిగిలేది 25 = 9+16, గుంపు (3,4,4), 3 స్థితులు. మొత్తం 9.

54: పెద్ద సంఖ్య 7, 6, 5. 7 అయితే మిగిలేది 5, (1,2,7), 6 స్థితులు. 6 అయితే మిగిలేది 18, (3,3,6), 3 స్థితులు. 5 అయితే మిగిలేది 29 = 25+4, (2,5,5), 3 స్థితులు. మొత్తం 12.

సరిగ్గానే ఉన్నాయా? ఎల్, ఎల్, 2ఎల్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

తార్నాక_క్వాంటమ్:

రెండూ కరెక్ట్. 41లో (0,4,5) వలలో పడకుండా తప్పుకున్నావు, ఆ ప్రశ్న ఇచ్చిందే అందుకు.

ఇంకో షార్ట్‌కట్ చెప్తా. ఎస్‌ని 4 భాగిస్తే మూడు సంఖ్యలూ సరిసంఖ్యలే అవ్వాలి. ఎందుకంటే బేసి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 1, సరిసంఖ్యదైతే 0. మూడు కలిపి 4కి భాగింపబడాలంటే మూడు శేషాలూ 0 కావాల్సిందే. అప్పుడు మూడింటినీ సగం చేసేయొచ్చు, డీజెనరసీ మారదు. 56కి ఎంత అంటే 14కి ఎంతో అంతే, 6. 108కి ఎంత అంటే 27కి ఎంతో అంతే, 4. 48 నుంచి 12కి, 12 నుంచి 3కి దిగు, జవాబు 1. ఇదే దారిలో 28 అసలు స్థాయే కాదని తెలుస్తుంది: 28 నుంచి 7కి దిగుతాం, 8తో భాగిస్తే శేషం 7 వచ్చే ఏ సంఖ్యా మూడు వర్గాల మొత్తం కాదు.

విద్యానగర్_లెక్చరర్:

ఎల్, ఎల్, 2ఎల్ సంగతి నేను చెప్తాను. ఇది పరీక్షల్లో చాలా ఇష్టంగా అడుగుతారు, ఎందుకంటే క్యూబ్ అలవాటుతో వచ్చిన వాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

మూడో దిశలో పొడవు రెట్టింపు కాబట్టి ఆ దిశ పదం నాలుగో వంతు అవుతుంది. భిన్నం పోవడానికి అంతటినీ 4తో గుణించండి, యూనిట్ హెచ్²/32ఎంఎల్² అవుతుంది. ఇప్పుడు లెక్కపెట్టాల్సింది: మొదటి రెండు సంఖ్యల వర్గాల మొత్తానికి 4 రెట్లు, దానికి మూడో సంఖ్య వర్గం కలపాలి. భిన్నాలతో కొట్టుకోకుండా ఈ పని మొట్టమొదట చేయండి.

వరుసగా రాస్తే: (1,1,1) ఇచ్చేది 9. (1,1,2) ఇచ్చేది 12. (1,1,3) ఇచ్చేది 17. ఈ మూడూ ఒంటరివే. తర్వాత 21, (1,2,1), (2,1,1), డీజెనరసీ 2. తర్వాత 24. ఇక్కడ (1,2,2), (2,1,2) ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు (1,1,4) కూడా ఉంది, 8+16 = 24. డీజెనరసీ 3. తర్వాత 29, (1,2,3), (2,1,3), డీజెనరసీ 2. తర్వాత 33, (2,2,1) 32+1, (1,1,5) 8+25, డీజెనరసీ 2.

33 మీద కాస్త ఆగండి. డీజెనరసీ 2 చూడగానే మొదటి రెండు దిశలు మార్చుకోవడం వల్ల వచ్చిందనిపిస్తుంది. కానే కాదు. ఆ రెండు స్థితుల్లోనూ మొదటి రెండు సంఖ్యలు సమానమే, మార్చుకుంటే ఏమీ కొత్తది రాదు. రెండు వేరువేరు గుంపులు ఒకే శక్తి మీద వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది: మూడో దిశ సంఖ్యని మిగతా వాటితో మార్చకూడదు. (1,1,2) శక్తి 12, (1,2,1) శక్తి 21. క్యూబ్‌లో ఉన్న 3, 6 సూత్రం ఇక్కడ పనిచేయదు. మొదటి రెండింటికి మాత్రమే అటూ ఇటూ చేసే హక్కు ఉంది.

విద్యార్థులు ఇంకో మాట అంటుంటారు: భుజాల నిష్పత్తి కరణీయ (ఇర్రేషనల్) సంఖ్య అయితే డీజెనరసీ ఉండదు అని. తప్పు. చూడాల్సింది భుజాల నిష్పత్తి కాదు, భుజాల వర్గాల నిష్పత్తి. రెండు దిశల పెట్టెలో భుజాలు ఎల్, √2ఎల్ అనుకోండి. √2 కరణీయమే, కానీ వర్గాల నిష్పత్తి 2. మొదటి సంఖ్య వర్గానికి 2 రెట్లు, రెండో సంఖ్య వర్గం కలపండి. (1,5) ఇచ్చేది 2+25 = 27. (3,3) ఇచ్చేది 18+9 = 27. డీజెనరేట్. ఆ పెట్టెలో మొదట కలిసే జత అదే. వర్గాల నిష్పత్తి కూడా కరణీయమైతే మాత్రం రెండు దిశల పెట్టెలో ఒక్క డీజెనరసీ కూడా ఉండదు.

మాదాపూర్_కోడర్:

చేత్తో 54 వరకు బాగానే ఉంటుంది, 500 వరకు కావాలంటే పైథాన్‌లో మూడు లూపులు రాయండి, నిమిషం పని. మూడు సంఖ్యల మీద మూడు లూపులు, ప్రతిసారీ వర్గాల మొత్తం తీసి, డిక్షనరీలో ఆ మొత్తం పేరు మీద 1 కలపాలి. అంతే.

కానీ తప్పు జవాబు వచ్చే చోట్లు రెండున్నాయి.

ఒకటి, లూప్ ఎక్కడిదాకా తిప్పుతున్నారన్నది. చాలామంది ప్రతి సంఖ్యనీ 1 నుంచి 4 దాకా తిప్పి, వచ్చిన పట్టిక మొత్తం నమ్మేస్తారు. 4 దాకా తిప్పితే 26 వరకే ఆ పట్టిక పూర్తి. 27 దగ్గర (3,3,3) కనిపిస్తుంది, (1,1,5) కనిపించదు, డీజెనరసీ 1 అని చూపిస్తుంది. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వదు, అదే ప్రమాదం. పట్టిక ఏ ఎస్ దాకా కావాలో ముందు అనుకుని, ఆ ఎస్ మైనస్ 2 కి వర్గమూలం దాకా లూప్ తిప్పండి. దాన్ని దాటి వచ్చిన మొత్తాలు పారేయండి.

రెండు, శక్తిని దశాంశాల్లో లెక్కేసి సమానమా కాదా అని పోల్చకండి. హెచ్, ఎం విలువలు వేసి, గుణించి, అప్పుడు పోలిస్తే సమానంగా ఉండాల్సినవి చివరి అంకెల్లో తేడాతో విడిపోతాయి. ఎల్, ఎల్, 2ఎల్ లాంటి వాటికి కూడా సర్ చెప్పినట్టు ముందే గుణించి అన్నీ పూర్ణాంకాలు చేసుకోండి, పోలిక పూర్ణాంకాల మధ్యే ఉండాలి.

సరిచూసుకోవడానికి ఒక అంకె: ఎస్ = 27 దాకా 14 స్థాయిలు, మొత్తం 48 స్థితులు రావాలి. గోళంలో ఎనిమిదో వంతు ఘనపరిమాణం సూత్రం, అంటే పై/6 ఇంటూ ఎస్ ఘాతం 3/2, ఇక్కడ వేస్తే 73.5 వస్తుంది. 48కి అది చాలా దూరం. సూత్రం తప్పు కాదు, అది పెద్ద ఎస్ దగ్గరే నమ్మదగినది. చిన్న ఎస్ దగ్గర, సున్నా ఉన్న తలాల మీది బిందువులు తీసేయడం వల్ల తగ్గేది పెద్ద భాగమే. ఆ సవరణ, 3పై/8 ఇంటూ ఎస్, తీసేసి, 3/4 ఇంటూ ఎస్ వర్గమూలం కలిపితే 45.5 దగ్గరకి వస్తుంది. స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో స్థితుల సాంద్రత వాడేటప్పుడు ఈ తేడా గుర్తుంటే మంచిది.

నల్లకుంట_బీఎస్సీ:

ఇప్పుడు చాలా క్లియర్‌గా ఉంది. ఎలక్ట్రాన్ అయితే 2తో గుణించాలా అన్నది మిగిలింది. ఇంకోటి, మా సాలిడ్ స్టేట్ నోట్సులో ఇదే పెట్టెకి సున్నా, రుణ సంఖ్యలు కూడా తీసుకున్నారు. మొదటి స్థాయి 1, రెండోది 6, మూడోది 12 అని ఉంది. ఇది ఎలా కుదురుతుంది?

విద్యానగర్_లెక్చరర్:

ఆ నోట్సులో ఉన్నది ఇదే పెట్టె కాదు. అక్కడ గోడలు లేవు, ఆవర్తన హద్దు షరతు పెట్టారు. ఒక చివర దాటితే రెండో చివర నుంచి లోపలికి వస్తుంది. అప్పుడు సున్నా సంఖ్య అంటే స్థిరమైన తరంగ ప్రమేయం, అది చెల్లుతుంది. రుణ సంఖ్య అంటే వ్యతిరేక దిశలో పోయే తరంగం, అది కొత్త స్థితే. యూనిట్ కూడా మారుతుంది, హెచ్²/8ఎంఎల్² కాదు, హెచ్²/2ఎంఎల్². అందుకే 0కి 1, 1కి 6, 2కి 12, 3కి 8, 4కి 6, 5కి 24. అక్కడ కూడా గుంపులు కలుస్తాయి, 9 దగ్గర (3,0,0) నుంచి 6, (1,2,2) నుంచి 24, మొత్తం 30. ప్రశ్నలో 'దృఢమైన గోడలు' అని ఉందా, 'ఆవర్తన' అని ఉందా చూడండి. ఒక పద్ధతి యూనిట్, ఇంకో పద్ధతి లెక్కింపు కలిపేస్తే జవాబు ఎటూ కాకుండా పోతుంది.

స్పిన్ సంగతి. ఒక్క కణం గురించి 'స్థాయి డీజెనరసీ' అని మాత్రమే అడిగితే, స్పిన్ ప్రస్తావన లేకపోతే, స్థలానికి సంబంధించిన లెక్కే ఇవ్వండి. 'ఎలక్ట్రాన్, స్పిన్‌తో సహా' అంటే 2తో గుణించండి, ఎలక్ట్రాన్ స్పిన్‌కి రెండు స్థితులుంటాయి కాబట్టి.

ఎక్కువ ఎలక్ట్రాన్లు ఉన్నప్పుడు మాత్రం 2తో గుణించడం పనిచేయదు, ఒక్కో (ఎన్,ఎన్,ఎన్) స్థితిలో రెండేసి చొప్పున కింది నుంచి నింపుకుంటూ పోవాలి. వాటి మధ్య వికర్షణ లేదనుకుందాం. 8 ఎలక్ట్రాన్లు క్యూబ్‌లో ఉంటే 2 మొదటి స్థాయిలో, 6 రెండో స్థాయిలో సరిగ్గా నిండుతాయి. మొత్తం శక్తి 2×3 + 6×6 = 42 యూనిట్లు, డీజెనరసీ 1. 4 ఎలక్ట్రాన్లే ఉంటే 2 మొదటి స్థాయిలో, మిగిలిన 2 రెండో స్థాయిలోని 6 గదుల్లో ఎక్కడైనా. 6 నుంచి 2 ఎంచుకోవడం 15 విధాలు. శక్తి 18 యూనిట్లు, గ్రౌండ్ స్టేట్ డీజెనరసీ 15. 3×2 = 6 అని రాసేవాళ్లు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు.

అదే 4 స్పిన్ సున్నా బోసాన్లయితే (ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల కణాలు) అన్నీ (1,1,1)లోనే కూర్చుంటాయి, శక్తి 12, డీజెనరసీ 1.

గచ్చిబౌలి_సిమెట్రీ:

లెక్కింపు అంతా బాగా చెప్పారు. ఒక విషయం మీద మాత్రం ఇంకాస్త లోతుకి వెళ్లాలని ఉంది, ఎందుకంటే ఎమ్మెస్సీ ఇంటర్వ్యూల్లో అడుగుతారు. 'అటూ ఇటూ మార్చితే వచ్చే డీజెనరసీ సిమెట్రీ వల్ల, వేరే గుంపు కలిస్తే యాదృచ్ఛికం' అని చెప్పేసి ఊరుకుంటాం. మొదటి అడుగుకి సరిపోతుంది. నిజం అంత శుభ్రంగా లేదు.

క్యూబ్ సిమెట్రీ ఒక్కటే చూస్తే, అది బలవంతంగా కలిపి ఉంచగలిగేది గరిష్ఠంగా 3 స్థితుల్ని. మరి (1,2,3) దగ్గర 6 ఎలా వచ్చింది? మూడు దిశలూ ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా విడిపోవడం వల్ల. పెట్టెకి క్యూబ్ ఆకారం కంటే ఎక్కువ సిమెట్రీ ఉంది.

పరీక్షించే పద్ధతి ఇదీ. పెట్టె మధ్యని మూలబిందువు చేసుకుని, లోపల ఒక చిన్న అదనపు పొటెన్షియల్ పెట్టండి. అది క్యూబ్ సిమెట్రీని చెడగొట్టకూడదు, కానీ దిశల్ని విడివిడిగా ఉండనివ్వకూడదు. ఎక్స్²వై² + వై²జెడ్² + జెడ్²ఎక్స్² మంచి ఉదాహరణ. ఎక్స్² + వై² + జెడ్² పనికిరాదు, అది మళ్లీ విడిపోయేదే, దాంతో ఏ గుంపూ లోపల చీలదు.

ఇప్పుడు (1,1,2) గుంపు చూడండి. (1,1,2), (1,2,1) మధ్య మాత్రిక మూలకంలో 1వ స్థితి నుంచి 2వ స్థితికి వై² వేసిన సమాకలనం వస్తుంది. 1 మధ్యకి సరి, 2 బేసి, వై² సరి. సమాకలనం సున్నా. మూడు స్థితులూ ఒకే మేర కదులుతాయి, డీజెనరసీ 3 నిలబడుతుంది. ఇది నిజమైన క్యూబ్ సిమెట్రీ డీజెనరసీ.

(1,1,3) గుంపు చూడండి. 1 సరి, 3 కూడా సరి. 1 నుంచి 3కి వై² సమాకలనం సున్నా కాదు. మాత్రికలో వికర్ణం మీద మూడు చోట్లా ఒకే విలువ, బయట అన్ని చోట్లా ఇంకో విలువ. బయటి విలువని సి అనుకుంటే, ఒక స్థితి 2సి జరుగుతుంది, రెండు స్థితులు మైనస్ సి జరుగుతాయి. 3 కాస్తా 1+2గా చీలుతుంది. అంటే ఉత్త పెర్ముటేషన్‌తో వచ్చిన 3 అన్నీ ఒక జాతి కావు. (1,2,3)లోని 6 ఇలాగే 3+3 అవుతుంది. 27లోని 4 స్థితులు 1+1+2 అవుతాయి.

రెండు దిశల చతురస్రంలో ఇది ఇంకా సులువుగా కనిపిస్తుంది. (1,2), (2,1) జత ఎక్స్²వై² పెట్టినా చీలదు. (1,3), (3,1) జత చీలుతుంది.

నల్లకుంట_బీఎస్సీ:

మేడమ్, ఇది రెండోసారి చదివితే గానీ ఎక్కలేదు, కానీ (1,1,3) మాత్రిక వేసి చూశాను, 2సి, మైనస్ సి, మైనస్ సి వచ్చాయి. ఇంకొక్క ప్రశ్న. క్యూబ్‌ని ఒక దిశలో కొంచెం లాగితే? 'ఒక భుజం 1 శాతం పెంచితే స్థాయిలు ఎలా చీలతాయి' అని అడుగుతున్నారు.

తార్నాక_క్వాంటమ్:

దానికి పెర్టర్బేషన్ (చిన్న మార్పులకి వాడే ఉజ్జాయింపు పద్ధతి) కూడా అక్కర్లేదు, నేరుగా వేసెయ్. మూడో భుజం 1.01ఎల్ అయితే మూడో సంఖ్య వర్గాన్ని 1.0201తో భాగించాలి, అంతే. (1,1,2) ఇచ్చేది 2 + 4/1.0201, అంటే 5.921. (1,2,1), (2,1,1) రెండూ 5 + 1/1.0201, అంటే 5.980. 3 చీలి 1+2 అయింది, లాగిన దిశలో పెద్ద సంఖ్య ఉన్నది కిందికి దిగింది. భుజం నొక్కితే వరుస తిరగబడుతుంది.

(1,2,3)లోని 6 మూడు జతలుగా చీలుతుంది. మూడో చోట 3 ఉన్న జత అన్నిటికంటే కింద, 2 ఉన్నది మధ్యలో, 1 ఉన్నది పైన. 27లో (1,1,5) అన్నిటికంటే కిందికి పోతుంది, తర్వాత (3,3,3), ఆ పైన (1,5,1), (5,1,1) జత.

ఎంత తేడానో ఒక అంచనా కావాలంటే: ఎలక్ట్రాన్, ఎల్ = 1 నానోమీటరు అయితే యూనిట్ విలువ 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండో స్థాయి చీలిక 0.059 యూనిట్లు, అంటే దాదాపు 0.022 ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణ శక్తి 0.026. దాదాపు సమానం. 1 నానోమీటరులో 1 శాతం అంటే 0.01 నానోమీటరు, పరమాణువు సైజు కంటే కూడా బాగా చిన్నది. అంత చిన్న పెట్టెని అంత కచ్చితంగా క్యూబ్‌గా చేయడం కుదిరే పని కాదు. 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన క్వాంటం డాట్ల (నానోమీటర్ల సైజు స్ఫటికాలు) విషయంలో గోళాకారపు పెట్టెతో మొదలుపెడతారు. అక్కడ స్థాయిలు 1, 3, 5, 1 ఇలా నడుస్తాయి, 6 అనేది రాదు, ఎందుకంటే గోళంలో డీజెనరసీ కోణీయ ద్రవ్యవేగ సంఖ్యకి రెట్టింపు ప్లస్ 1, ఎప్పుడూ బేసి సంఖ్యే.

తర్వాతి ప్రశ్నగా 1 శాతం లాగిన ఆ పెట్టెలోనే 8 ఎలక్ట్రాన్లు పెట్టి మొత్తం శక్తి వెయ్యి. 42 కంటే తక్కువ రావాలి, డీజెనరసీ మాత్రం 1 గానే ఉండాలి.

నల్లకుంట_బీఎస్సీ:

మొదటి స్థాయి 2 + 1/1.0201 = 2.980, రెండు ఎలక్ట్రాన్లకి 5.961. తర్వాత (1,1,2)లో రెండు, 11.842. మిగతా రెండు స్థితుల్లో నాలుగు, 23.921. మొత్తం 41.72 యూనిట్లు. అన్నీ నిండిపోయాయి కాబట్టి డీజెనరసీ 1.

తార్నాక_క్వాంటమ్:

సరిగ్గా అంతే. ఇప్పుడు అదే పెట్టెలో 4 ఎలక్ట్రాన్లు పెట్టి చూడు. సార్ చెప్పిన 15 కాస్తా 1 అయిపోతుంది. చివరి రెండూ జంటగా (1,1,2)లోకి దిగిపోతాయి.